సారె సామాన్ల జాబితా - తిరగలి నుంచి మిక్సీ దాకా

ఈసారి పురుగు మందు గురించో, పత్తి రేటు గురించో కాదు, వంటింటి గురించి రాస్తున్నా. నవ్వకండి. చివరిదాకా చదివితే మన కందుల లెక్క కూడా ఇందులోనే ఉంది.

మొన్న మాఘమాసంలో మా అమ్మాయి పెళ్ళి చేశాను. పెళ్ళికి వారం ముందు పసుపు దంచడానికి రోలు కావాల్సొచ్చింది. మా ఇంట్లో లేదు. ఒకప్పుడు ఉండేది, కొత్త ఇల్లు కట్టేటప్పుడు పెరట్లో పడేశాం, తర్వాత ఏ పునాదిలో కలిసిపోయిందో తెలియదు. మా వీధిలో పదకొండు ఇళ్ళు తిరిగితే ఒక్కచోట దొరికింది. అదీ కుక్కకు నీళ్ళు పోసే తొట్టి అయిపోయి ఉంది. శుభ్రంగా కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఐదుగురు ముత్తైదువులు రోకలి పట్టుకుని ఫొటో దిగారు. అసలు పసుపు మాత్రం మిక్సీలోనే పొడి కొట్టారు.

అదే వారంలో సారె సామాన్లు కొనడానికి టౌనుకి వెళ్ళా. అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగాలు చేస్తారు. "బయట తిండి వద్దు నాన్నా, ఇంట్లోనే వండుకుంటాం, దానికి ఏం కావాలో అవే ఇవ్వు" అంది అమ్మాయి. కొట్టతను చేతికిచ్చిన జాబితాలో నలభై ఆరు రకాలున్నాయి. గుడ్లు ఉడకబెట్టడానికి ఒక మిషను, రొట్టె కాల్చడానికి ఒకటి, చపాతీ ఒత్తడానికి ఇంకొకటి. నాకు తల తిరిగింది. ఆ ఏడు మిరప దెబ్బతీసింది, అప్పు మీద పెళ్ళి.

ఇంటికొచ్చి పెద్ద మేధావిలాగా అన్నాను: "ఇవన్నీ దండగ. మన పాత తిరగలి ఒకటి ఇద్దాం, రోలు ఒకటి కొందాం, నాలుగు కుండలు పెడదాం. మన పెద్దవాళ్ళు వీటితోనే వండుకుని నూరేళ్ళు బతికారు" అని.

మా అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఎనభై దాటింది ఆమెకు. "ఒరే అబ్బాయ్, ఆ తిరగలి తిప్పీ తిప్పీ నా రెట్టలు పడిపోయినయ్యి. నువ్వేనాడన్నా ఒక్క మానెడు కందులు ఇసిరావా? నీ కూతురికి అదే ఇస్తావంటరా?" అంది.

నాకు నోట మాట రాలేదు. నిజమే, నేనేనాడూ తిప్పలేదు. మా నాన్న తిప్పలేదు. ఊళ్ళో మగవాడు తిరగలి ముందు కూర్చోవడం నేను చూడలేదు.

అప్పటి నుంచి ఆ జాబితా నన్ను వదల్లేదు. ఒక్కో వస్తువు మన వంటింట్లోకి ఎక్కడి నుంచి వచ్చింది, వచ్చి ఎవరి కష్టం తీసింది, తీస్తూ ఏం పట్టుకుపోయింది అని తెలిసినంతవరకు రాసుకుంటూ పోయా. అదే మీ ముందు పెడుతున్నా.

మొదట రాయి

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో కృష్ణానది వైపు ఉట్నూరు అని ఒక ఊరుంది. ఆదిలాబాదు ఉట్నూరు వేరు, ఇది వేరు. అక్కడ పెద్ద బూడిద దిబ్బ ఉండేది. 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వి చూస్తే అది పశువుల పేడ కాలిన బూడిద అనీ, అక్కడ పెద్ద పశువుల దొడ్డి ఉండేదనీ తేలింది. నాలుగు వేల ఏళ్ళ పైమాట. అంటే మన పశువులు, మన పేడ దిబ్బ అంత పాతవి.

ఆ కాలపు ఊళ్ళు పాలమూరులో, కర్నూలు, బళ్ళారి వైపు చాలా బయటపడ్డాయి. వాటిలో దొరికే వస్తువుల్లో నూరుడు రాళ్ళు ముఖ్యం. కింద పల్లంగా అరిగిన రాయి, దాని మీద రెండు చేతులతో ముందుకీ వెనక్కీ తోసే ఇంకో రాయి. మన సన్నికల్లు, పొత్రం చూడండి, అదే పద్ధతి. పెళ్ళిలో పెళ్ళికూతురి చేత సన్నికల్లు తొక్కిస్తాం కదా, ఆ రాయి వెనక ఇంత చరిత్ర ఉంది.

ఆ ఊళ్ళ పొయ్యిల్లో మాడి మిగిలిన గింజలు ఏరి చూస్తే ఏమున్నాయో తెలుసా? అండుకొర్రలు, ఉలవలు, పెసలు. ఇప్పుడు ఆరోగ్యం పేరుతో ప్యాకెట్లలో అమ్ముతున్న అండుకొర్రలే. వరి మనకు ముఖ్యమైన తిండి అయింది ఆ తర్వాత చాలా కాలానికి. మిరపకాయ ఇంకా వెనకాల వచ్చింది. అమెరికా ఖండంలో పుట్టిన పంట అది, ఐదు వందల ఏళ్ళ కింద పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో మన దేశం చేరింది. అంతకు ముందు మన కారం మిరియాలే. రోలు మాత్రం అప్పటికే ఉంది. కొత్త పంట పాత రోట్లో పడి పచ్చడి అయింది.

ముందుకీ వెనక్కీ తోసే రాయి నుంచి గుండ్రంగా తిప్పే తిరగలికి రావడానికి మనుషులకు వేల ఏళ్ళు పట్టింది. చూడ్డానికి రెండు గుండ్రటి రాళ్ళే. కింద రాయి మధ్యలో చీల, పై రాయికి బొక్క, అంచున పిడి. కానీ మనిషి బరువంతా మీద వేసి తోయాల్సిన పని పోయింది. రాయి బరువే పని చేస్తుంది, మనం తిప్పితే చాలు. తిరగలి కూడా ఒకనాడు కష్టం తగ్గించడానికి వచ్చిన కొత్త మిషనే. ఇది గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు కందుల లెక్క. మా అమ్మ కాలంలో కందులకు ఎర్రమట్టి నీళ్ళు పట్టించి, ఎండబెట్టి, తిరగలిలో బద్దలు చేసి, చాటతో చెరిగి పొట్టు తీసేవాళ్ళు. నూరు కిలోల కందులకు సుమారు డెబ్బై కిలోల పప్పు దిగుతుంది. పొట్టు, నూక గేదెలకు. 2024-25కి కందులకు కేంద్రం ఇచ్చిన మద్దతు ధర క్వింటా 7,550 రూపాయలు. నేను అమ్మింది ఇంచుమించు ఆ ధరకే. అదే ఏడాది మా ఊరి కొట్లో కందిపప్పు కిలో 140కి తక్కువ నేను కొనలేదు. డెబ్బై కిలోలకు 9,800. అంటే క్వింటా కందులు అమ్మి, ఆ పప్పే తిరిగి కొనుక్కుంటే 2,250 రూపాయలు మన జేబులోంచి పోయినట్టు, పైన పొట్టు పోయినట్టు. చేలో కంది పండించే రైతు ఇంట్లో కొట్టు పప్పు ఉడుకుతోంది. తిరగలి అటకెక్కిన రోజే ఇది మొదలైంది.

మరి మా అమ్మ మాట అబద్ధమా? అదీ కాదు. ఆ 2,250 రూపాయల మిగులు కనిపించకుండా ఎవరి రెట్టల్లోంచి వచ్చేదో ఆమెకు తెలుసు, నాకు తెలియదు. మనం దాన్ని ఎప్పుడూ ఖర్చు కింద రాసుకోలేదు.

రోకలి పోయి మర వచ్చింది

రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు అంటారు. రోలుకు ఒకవైపే దెబ్బ, మద్దెలకు రెండు వైపులా. వడ్లు దంచే ఆడవాళ్ళు ఎవరితో మొరపెట్టుకోవాలి? తెల్లవారక ముందే లేచి, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరి పోటు తర్వాత ఒకరి పోటు వేస్తేనే ఆ పూటకు బియ్యం.

1852లో గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. డెల్టాలో వరి పొంగింది. ఆ తర్వాత వడ్ల మరలు వచ్చాయి. మర ఆడించిన బియ్యం మల్లెపువ్వులా ఉంటుంది, రోకలి పోటు అక్కర్లేదు. ఆడవాళ్ళకు అది నిజంగా విడుదల.

కానీ మన కోస్తాకు ఒక పాత జబ్బు ఉంది, బెరిబెరి. కాళ్ళు తిమ్మిరెక్కి, వాచి, గుండె ఆగి మనిషి పోతాడు. గంజాం నుంచి కిందికి మన సర్కారు జిల్లాల్లో ఇది ఎంత ఉండేదంటే, మద్రాసు సైన్యంలో డాక్టరుగా చేసిన మాల్కమ్‌సన్ 1835లోనే దీని మీద ఒక పుస్తకం రాశాడు. కారణం మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు. 1890ల్లో జావాలో ఐక్‌మన్ అనే డాక్టరు కోళ్ళను చూసి దారి పట్టుకున్నాడు. పాలిష్ బియ్యం తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోయాయి, తవుడు పెడితే లేచాయి. తవుడులో ఉండేదాన్ని మనం ఇప్పుడు బి1 విటమిన్ అంటున్నాం.

మన దగ్గర జబ్బు ఎందుకు ఎక్కువంటే, మనవాళ్ళు తినేది పచ్చి బియ్యం. ఉప్పుడు బియ్యం తినేచోట వడ్లు ఉడికేటప్పుడే ఆ విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది, పాలిష్ పట్టినా కొంత మిగులుతుంది. పచ్చి బియ్యాన్ని తెల్లగా చేస్తే తవుడుతో పాటు అదీ పోతుంది. పైగా మనం నాలుగుసార్లు కడుగుతాం, గంజి వార్చి పారబోస్తాం. ఇంట్లో దంచినా మరీ తెల్లగా దంచితే ఇదే గతి. మర వచ్చాక ఆ తెలుపు అందరికీ చవగ్గా దొరికింది.

ఈ జబ్బు మీద విచారణకే 1918లో కూనూరులో ఒకే ఒక్క గదిలో మెకారిసన్ అనే డాక్టరు పని మొదలుపెట్టాడు. ఆ గదే పెరిగి పెరిగి, 1958లో హైదరాబాదుకు మారి, ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అయింది. మన పళ్ళెంలో తెల్లన్నం ఎంత పెద్ద సంగతో చూడండి.

గాంధీగారు 1934లో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టినప్పుడు, కుమారప్పగారితో కలిసి మొదట పట్టుకున్న పనుల్లో దంపుడు బియ్యం ఒకటి. స్వాతంత్ర్యం వచ్చాక 1958లో వడ్ల మరల మీద అదుపుకు చట్టం కూడా తెచ్చారు, అందులో దంపుడు పనివాళ్ళను కాపాడాలన్న ఉద్దేశమూ ఉంది. ఐనా రోకలి నిలవలేదు. ఎందుకు నిలవలేదో మా అమ్మను అడగండి, ఒక్క ముక్కలో చెబుతుంది. దంచమని చెప్పినవాళ్ళు దంచలేదు.

దీనికి మందు మళ్ళీ రోకలి పట్టడం కాదు. మర దగ్గర మనమే నిలబడి "ఒక్క పట్టు చాలు, తెల్లగా వద్దు" అని చెప్పొచ్చు. గంజి వార్చకుండా అత్తెసరు పెట్టొచ్చు. ఇందులో ఏదీ కొనే వస్తువు కాదు.

కుండ, మూకుడు, గుండిగ

కుండ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తెలంగాణలో, రాయలసీమలో రాక్షసగుళ్ళు అనే పాత రాతి సమాధులు తవ్వితే లోపల నలుపు ఎరుపు కలిసిన కుండలు, పక్కన ఇనుప పనిముట్లు దొరుకుతాయి. రెండూ అంత పాత జంట. నా చిన్నప్పుడు కూడా కుమ్మరి మేరకు కుండలిచ్చేవాడు, కళ్ళంలో వడ్లు కొలిపించుకునేవాడు. మట్టి కుండ పులుపుకు చెడదు, నిదానంగా కాగుతుంది, పెరుగు గట్టిగా తోడుకుంటుంది. పగలడమే దాని లోపం. ఇనుప మూకుడు పగలదు, తుప్పు పడుతుంది. కడిగి తడి తుడిచి నాలుగు చుక్కల నూనె రాస్తే మనవళ్ళ కాలందాకా ఉంటుంది. దాంట్లో పులుసు పెట్టి రాత్రంతా ఉంచితే మాత్రం నల్లబడి లోహపు రుచి వస్తుంది.

ఇత్తడి ఉన్నింటి సొత్తు. గోదావరి వైపు అజ్జరం, శ్రీకాకుళం వైపు బుడితి ఈ పనికి ఇప్పటికీ పేరున్న ఊళ్ళు. కానీ ఇత్తడిలో చింతపండు పులుసు పెడితే రాగి కరిగి చిలుము పడుతుంది, కడుపులో తిప్పుతుంది. అందుకే కళాయి. కళాయి సాయిబు ఊళ్ళోకొచ్చి చెట్టు కింద తిత్తి పెట్టేవాడు. గిన్నె ఎర్రగా కాల్చి, నవసాగరం చల్లి, తగరం ముక్క అంటించి దూదితో ఒక్కసారి తిప్పితే లోపలంతా వెండిలా మెరిసేది. పిల్లలం గుంపుగా నిలబడి చూసేవాళ్ళం. తగరంలో సీసం కలిపితే అది విషం, కాబట్టి నమ్మకమైన మనిషి కావాలి. ఇప్పుడు ఆ మనిషి రావడం లేదు. కళాయి వేసేవాడు లేని ఊళ్ళో ఇత్తడి గిన్నెలో పులుసు వండకండి, అలంకారానికి పెట్టుకోండి.

ఇక సిల్వర్ గిన్నె. పేరు సిల్వరే గానీ అందులో రవ్వంత వెండి లేదు, అది అల్యూమినియం. 1886లో దాన్ని చవగ్గా తీసే పద్ధతి కనిపెట్టారు. అంతకుముందు అది బంగారంలా అపురూపం. 1898లో మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో చాటర్టన్ అనే ఆయన కంచరి పనివాళ్ళతో అల్యూమినియం పాత్రలు చేయించడం మొదలుపెట్టాడు. మన దేశంలో ఆ పరిశ్రమకు అదే తొలి అడుగు. ఇత్తడి బరువులో మూడో వంతు కూడా ఉండదు, కళాయి అక్కర్లేదు, చవక. పేదింటికి లోహపు గిన్నె వచ్చింది దీనితోనే. అది తక్కువ సంగతి కాదు. కానీ ఉప్పు, పులుపు దాన్ని తింటాయి. పాత సిల్వర్ గిన్నె లోపల గుంటలు చూడండి, పోయిన ఆ లోహం కూరలోకే పోయింది. పులుసు, పచ్చడి అందులో నిల్వ ఉంచొద్దని పోషకాహార సంస్థ వాళ్ళు కూడా చెబుతున్నారు.

స్టీలు ఇంకో కథ. 1913లో ఇంగ్లండులో బ్రియర్లీ అనే ఆయన తుపాకీ గొట్టాలు తొందరగా అరగకుండా ఉండే ఇనుము కోసం వెతుకుతూ తుప్పు పట్టని ఉక్కును కనుక్కున్నాడు. మన ఇళ్ళలోకి బాగా దిగింది మాత్రం నా చిన్నతనంలోనే. 1980ల మొదట్లో సేలంలో ప్రభుత్వ కర్మాగారం కూడా మొదలైంది. పాత చీరలకు, ఇత్తడికి స్టీలు సామాన్లు అంటూ వీధిలోకి వచ్చేవాళ్ళు. మా నాయనమ్మ గుండిగ తొమ్మిది కిలోలు. దాన్నిచ్చి మేం తెచ్చుకున్నది పల్చటి స్టీలు క్యాను ఒకటి, నాలుగు పళ్ళేలు. ఇచ్చినప్పుడు మా ఇంట్లో అందరం సంతోషించాం, మెరుపు చూసి. తూకం ఎవరూ అడగలేదు. తప్పు ఆ అమ్మినవాడిది ఎంతో, మాది అంతే.

స్టీలు పులుపుకు చెడదు, కళాయి అడగదు. లోపం ఏంటంటే వేడి సమంగా పాకదు, పల్చటి గిన్నెలో పాలు, పప్పు అడుగంటుతాయి. కాబట్టి అడుగు మందం చూసుకోవాలి. కొట్లో అయస్కాంతం పెట్టి చూపిస్తారు, అంటుకోకపోతే మంచి స్టీలని. అది పూర్తి పరీక్ష కాదు. నికెల్ తక్కువ వేసి మాంగనీసుతో చేసే చవక రకానికి కూడా అయస్కాంతం అంటుకోదు. గిన్నె మీద 304 అని అచ్చు ఉందా, బిల్లు మీద రాసిస్తారా అని అడగండి.

పొగ

గిన్నెల గురించి ఎంత మాట్లాడినా పొయ్యి గురించి మాట్లాడకపోతే చరిత్ర సగమే. మూడు రాళ్ళ పొయ్యి, దాని పక్కన కోడిపొయ్యి, పత్తి కట్టె, కంది కట్టె, పిడకలు. వానాకాలం తడి కట్టెలు అంటుకోవు. గొట్టంతో ఊది ఊది మా అమ్మ కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. రెండు కళ్ళకూ శుక్లాలు తీయించాం. దగ్గు మాత్రం ఇప్పటికీ ఉంది. ఆమె జీవితంలో బీడీ ముట్టుకోలేదు.

పొగ లేని పొయ్యి కోసం తొలిరోజుల్లోనే గట్టిగా పనిచేసిన చోట్లలో మన హైదరాబాదు ఒకటని మీలో ఎంతమందికి తెలుసు? హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీలో డాక్టర్ ఎస్.పి. రాజు అనే ఆయన మట్టితోనే కట్టుకునే, పొగగొట్టం ఉన్న పొయ్యి రూపొందించారు. ఒకే మంట మీద వరసగా గిన్నెలు పెట్టుకోవచ్చు, పొగ గొట్టం గుండా బయటికి పోతుంది. 1953లో దాని మీద 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అని పుస్తకం కూడా వేశారు. తర్వాత 1983లో మెరుగైన పొయ్యిల కోసం జాతీయ కార్యక్రమం పెట్టారు. మా ఊళ్ళో కూడా కొన్ని కట్టారు. గొట్టం మసితో మూసుకుపోయింది, తీసేవాళ్ళు లేరు, మళ్ళీ మూడు రాళ్ళే. కట్టడం ఒక రోజు పని, శుభ్రం చేయడం నెలనెలా పని. ఆ రెండో పని ఎవరిదో తేల్చకుండా పెట్టిన ఏ సామానూ వంటింట్లో నిలవదు.

గ్యాసు 1999లో దీపం పథకంతో మన పల్లెల్లో డ్వాక్రా మహిళల ఇళ్ళకు వచ్చింది. 2016లో ఉజ్వల పథకం వచ్చింది. ఇవాళ కూడా బండ ధర పెరిగినప్పుడల్లా వేణ్ణీళ్ళకు, పప్పు ఉడకడానికి మళ్ళీ కట్టెల పొయ్యి వెలిగించే ఇళ్ళు మన ఊళ్ళో ఉన్నాయి. కట్టెల పొయ్యి మీద వండితే రుచి అని మనం అంటాం. ఊదేవాళ్ళను అడిగి అనాలి.

కుక్కరు, గ్రైండరు, మిక్సీ

కుక్కరు పుట్టింది 1679లో. పాపిన్ అనే ఫ్రెంచి ఆయన లండన్‌లో ఎముకలు మెత్తబడేలా ఉడికించడానికి మూత బిగించిన పాత్ర చేశాడు. ఆవిరి బయటికి పోకపోతే లోపల ఒత్తిడి పెరిగి, వంద డిగ్రీల దగ్గర మరగాల్సిన నీళ్ళు నూట ఇరవై దాకా వేడెక్కుతాయి. అందుకే పప్పు పావుగంటలో మెత్తబడుతుంది. మన దేశంలో 1959 ప్రాంతంలో ఇవి తయారవడం మొదలైంది. రెండు గంటల కట్టెలు మిగిల్చింది, గంజి వార్చే పని తప్పించింది. నన్నడిగితే తీసుకుపోయింది తక్కువ, ఇచ్చింది ఎక్కువ అని లెక్క తేలిన వస్తువు ఇదొక్కటే.

రుబ్బురోలు మోటారుకు ఎక్కింది కోయంబత్తూరులో. 1955లో సభాపతి అనే ఆయన చేశారని అక్కడివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. రుబ్బురోట్లో పొత్రం తిప్పుతాం, గ్రైండరులో రోలే తిరుగుతుంది, తేడా అంతే. రాయి రాయిలాగే ఉంది, రెట్టల నొప్పి మోటారు తీసుకుంది. పాత పద్ధతినీ మనిషినీ రెండింటినీ కాపాడిన పని ఇది.

మిక్సీ సంగతి ఇంకా బాగుంటుంది. 1960ల్లో మాథుర్ అనే ఇంజనీరు ఇంట్లో విదేశీ మిక్సీ మన పప్పులు, మసాలాలు రుబ్బలేక కాలిపోయింది. ఆయన భార్య మాధురిగారు మన వంటకు తట్టుకునేది చేయమన్నారు. గట్టి మోటారు పెట్టి చేసిన ఆ మిక్సీయే సుమీత్. దేశంలో మనం కొనే మిక్సీలకు అది పెద్దన్న. వంట చేసే మనిషి అడిగితే చేసిన వస్తువు కాబట్టే అది నిలిచింది. దాని లోపం వేడి. బ్లేడు వేగానికి పచ్చడి వేడెక్కి రుచి మారుతుంది. ఆపి ఆపి తిప్పితే చాలావరకు సరిపోతుంది.

చివరికి ఏం కొన్నాం

ఇదంతా రాసుకున్నాక జాబితా ముందు పెట్టుకుని మా అమ్మ, మా ఆవిడ, అమ్మాయి, నేను కూర్చున్నాం. ఒక్కో వస్తువుకీ మూడే ప్రశ్నలు. ఇది ఎవరి కష్టం తగ్గిస్తుంది? తిండిలోంచి ఏమైనా తీసేస్తుందా? చెడిపోతే బాగుచేసేవాడు అందుబాటులో ఉన్నాడా? నలభై ఆరు కాస్తా ఇలా తేలింది.

రెండు బర్నర్ల గ్యాసు పొయ్యి. మూడు లీటర్ల కుక్కరు ఒకటి, మారు రబ్బరుతో సహా. ఇనుప మూకుడు, ఇనుప పెనం. అడుగు మందం ఉన్న స్టీలు గిన్నెలు మూడు, మూతలతో. పులుసుకి, పెరుగుకి చెరొక మట్టి పాత్ర. గట్టి మోటారున్న మిక్సీ, మూడు జార్లు. చాకు, కోసుకునే పీట (కత్తిపీట నాకు ఇష్టం, నిలబడి కోసుకుంటానని అమ్మాయి అంది, దానిదే గెలుపు). ఆవకాయకు పింగాణీ జాడీలు రెండు, ఉప్పుకూ పులుపుకూ చెడనిది అదే. పోపుల డబ్బా, పప్పులకు స్టీలు డబ్బాలు. గరిటెలు, అట్లకాడ, పప్పుగుత్తి, పట్టకారు, జల్లెడ, ఒక చాట. బియ్యం కొలవడానికి సోల గిన్నె. అత్తెసరుకు కొలత ముఖ్యం.

నాన్‌స్టిక్ సెట్టు తీసేశాం. ఖాళీగా మంట మీద మర్చిపోతే పూత పాడవుతుంది, గీసుకుపోతే బాగుచేసేవాడు లేడు. ఆ డబ్బుకు రెండు ఇనుప పెనాలు వస్తాయి. గ్రైండరు ఇప్పుడే వద్దు, ఇద్దరికి మిక్సీ చాలు. మిగతా మిషన్లన్నీ కొట్టేశాం. జాబితా ఖర్చు సగానికి పైగా తగ్గింది.

రోలు దగ్గర మళ్ళీ గొడవ. నేను పట్టుబట్టా. చివరికి మా అమ్మే రాజీ చేసింది, "చిన్న పచ్చడి రోలు ఇవ్వు, బుద్ధి పుట్టినప్పుడు దంచుకుంటది, లేనప్పుడు ఊరుకుంటది" అని. ఆ తర్వాత అల్లుడికి ఫోన్ కలపమని ఒకటే మాట అడిగింది: "బాబూ, కుక్కరు పెట్టడం నీకొచ్చా?" వచ్చు అన్నాడు. రాకపోతే నేర్చుకోమంది.

తిరగలి మా ఇంట్లోనే ఉంది. దాని పని మాత్రం నేను వదల్లేదు. కాన్పూరు పప్పుధాన్యాల పరిశోధన సంస్థ వాళ్ళు ఊరి స్థాయిలో పప్పు ఆడించుకునే చిన్న చక్కీ రూపొందించారు. మైసూరు ఆహార పరిశోధన సంస్థ వాళ్ళదీ ఒకటుంది. ఇంటికొకటి అక్కర్లేదు, ఊరికొకటి చాలు. మా వీధిలో కంది వేసే నలుగురం కలిసి వాకబు చేస్తున్నాం. ఖర్చెంత, కరెంటెంత, ఎన్ని క్వింటాళ్ళకు గిట్టుబాటు అవుతుంది అన్నది తేలాక లెక్కలతో సహా ఇక్కడే రాస్తాను.

అంతవరకు ఒక పని చేయండి. ఈసారి కందులు అమ్మే ముందు ఇంటికి సరిపడా ఒక బస్తా పక్కన పెట్టండి. దాన్ని పప్పు ఎలా చేయాలో ఇంట్లో ఆడవాళ్ళతో కూర్చుని మాట్లాడండి. తిరగలే మేలని మీకు అనిపిస్తే మంచిదే, ముందు ఒక మానెడు మీరు ఇసిరి చూడండి. నేను మొన్న ఇసిరాను. సగం మానెడుకే భుజం పట్టేసింది. మా అమ్మ పక్కన కూర్చుని చూస్తూ ఏమీ అనలేదు, చాట మాత్రం నా వైపు జరిపింది, చెరగమని.